మెర్సెన్ సంఖ్య 2⁶⁷ - 1

2⁶⁷ - 1 అనేది ఇరవై ఒక్క అంకెలు గల ఒక సంయుక్త సంఖ్య. దీని విలువ 147573952589676412927. అరవై ఏడు రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన లబ్ధంలో నుండి ఒకటి తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. ఒకటిని, ఈ సంఖ్యను మినహాయిస్తే దీనిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు రెండే ఉన్నాయి. అవి 193707721, 761838257287. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే.

ఇది ప్రధాన సంఖ్య అని 1644 లో ఫ్రాన్సు దేశీయుడు మారిన్ మెర్సెన్ ప్రకటించాడు. అది నిజం కాదని 1876 లో ఎడ్వార్డ్ లూకాస్ నిరూపించాడు. అయితే దీనిని ఏ సంఖ్యలు భాగిస్తాయో లూకాస్ చెప్పలేకపోయాడు. ఆ సంఖ్యలను 1903 లో అమెరికా గణిత శాస్త్రవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ కనుగొన్నాడు. ఒక సంఖ్యకు కారణాంకాలు ఉన్నాయని తెలియడం ఒక ఎత్తు, ఆ కారణాంకాలు ఏవో తెలియడం మరొక ఎత్తు. ఈ రెండింటికీ మధ్య ఇరవై ఏడు సంవత్సరాల దూరం ఏర్పడినందువల్లనే ఈ సంఖ్య గణిత చరిత్రలో స్థానం సంపాదించుకున్నది.

పరిమాణం

మన పద్ధతిలో విరామ చిహ్నాలు పెట్టి వ్రాస్తే ఈ సంఖ్య 14,75,73,95,25,89,67,64,12,927 అవుతుంది. "కోటి కోట్లు" అన్నదానిని ఒక ప్రమాణంగా తీసుకుంటే ఇందులో అటువంటివి 14 లక్షల 75 వేల 739 ఉండి, ఇంకా కొంత మిగులుతుంది.

చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు గింజలు, మూడవ గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికి రెట్టింపు చేస్తూ పోయిన కథ చాలామందికి తెలిసినదే. అరవై నాలుగు గడులు నిండేసరికి మొత్తం గింజలు 2⁶⁴ - 1, అంటే 18446744073709551615 అవుతాయి. పలకకు మరి మూడు గడులు ఉండి ఉంటే ఆ మొత్తం సరిగ్గా 2⁶⁷ - 1 అయ్యేది. చదరంగం సంఖ్యను ఎనిమిదితో గుణించి ఏడు కలిపితే ఈ సంఖ్య వస్తుంది.

ఈ రెండు సంఖ్యలూ చూడడానికి దగ్గర బంధువుల వలె ఉన్నా స్వభావంలో వీటికి ఎంతో తేడా ఉన్నది. చదరంగం సంఖ్యను చేతి లెక్కతోనే విడగొట్టవచ్చు. 64 సరి సంఖ్య కనుక 2⁶⁴ - 1 ని (2³² - 1), (2³² + 1) ల లబ్ధంగా వ్రాయవచ్చు. మొదటి దానిని మళ్ళీ అదే విధంగా విడదీయవచ్చు. చివరకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యలు మిగులుతాయి. సాధారణంగా ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే ఇటువంటి వెసులుబాటు ఉంటుంది. ఉదాహరణకు 15 = 3 × 5 కనుక 2¹⁵ - 1 = 32767 ను 2³ - 1 = 7, 2⁵ - 1 = 31 రెండూ భాగిస్తాయి. 67 ప్రధాన సంఖ్య కావడంతో 2⁶⁷ - 1 కు ఈ దారి మూసుకుపోయింది.

ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్యను వ్రాయడం చాలా తేలిక. అరవై ఏడు ఒకట్లు వరుసగా వ్రాస్తే చాలు. కంప్యూటర్లలో ఒక పూర్ణాంకానికి మామూలుగా కేటాయించే 64 బిట్లలో ఇది ఇమడదు. మూడు బిట్లు తక్కువ పడతాయి.

మెర్సెన్ జాబితా

రెండు యొక్క ఘాతం నుండి ఒకటి తీసివేయగా వచ్చే సంఖ్యల మీద ఆసక్తి గ్రీకుల కాలం నాటిది. ఒక సంఖ్యను దాని కంటే చిన్నవైన దాని భాజకాలన్నీ కూడితే తిరిగి అదే సంఖ్య వచ్చినట్లయితే దానిని పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 = 1 + 2 + 3, 28 = 1 + 2 + 4 + 7 + 14 ఇటువంటివి. 2² - 1 = 3, 2³ - 1 = 7 మాదిరిగా రెండు యొక్క ఘాతం కంటే ఒకటి తక్కువైన సంఖ్య ప్రధాన సంఖ్య అయితే, దానిని అంతకు ముందున్న రెండు యొక్క ఘాతంతో గుణించగా పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ నిరూపించాడు. 6 = 2 × 3, 28 = 4 × 7 అన్నమాట. సరి సంఖ్యలైన పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ విధంగానే వస్తాయని 18వ శతాబ్దంలో ఆయిలర్ చూపించాడు. కనుక ఇటువంటి ప్రధాన సంఖ్యల అన్వేషణ, పరిపూర్ణ సంఖ్యల అన్వేషణ ఒకే పని అయ్యాయి.

ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం ప్రధాన సంఖ్య కానక్కరలేదు. 11 ప్రధాన సంఖ్యయే గాని 2¹¹ - 1 = 2047 = 23 × 89. ఈ సంగతి 1536 నాటికే తెలుసు.

మారిన్ మెర్సెన్ (1588-1648) క్రైస్తవ సన్యాసి. దెకార్త్, ఫెర్మా వంటి సమకాలికులతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుపుతూ ఒకరి పరిశోధనలు మరొకరికి అందజేసేవాడు. శాస్త్ర పత్రికలు లేని ఆ కాలంలో ఆ పని చేసినవాడు ఆయనే అనవచ్చు. 1644 లో ప్రచురించిన తన గ్రంథంలో ఘాతాంకం 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినప్పుడు మాత్రమే ఇటువంటి సంఖ్యలు ప్రధాన సంఖ్యలు అవుతాయనీ, 257 లోపు మరేవీ కావనీ వ్రాశాడు. దీనికి ఆధారం చూపలేదు. చూపడానికి ఆ కాలంలో సాధనమూ లేదు. అప్పటికి తెలిసిన పద్ధతి వరుసగా భాగించి చూడడం ఒక్కటే. 2⁶⁷ - 1 కు వర్గమూలం 1214 కోట్లకు పైన ఉంటుంది. అంత వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు యాభై కోట్లకు మించి ఉన్నాయి.

జాబితాలో ఐదు తప్పులు ఉన్నట్లు తరువాత తేలింది. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండవలసింది. 2⁶¹ - 1 ప్రధాన సంఖ్య అని 1883 లో రష్యా దేశీయుడైన పెర్వూషిన్ చూపించాడు. 61 అని వ్రాయబోయి 67 అని పడిందేమో, అది అచ్చుతప్పేమో అని కొందరు ఊహించారు. ఆ ఊహను ఒప్పుకున్నా మిగిలిన మూడు తప్పులు అలాగే ఉంటాయి కనుక మెర్సెన్‌కు ఏదో రహస్య సూత్రం తెలుసునని అనుకోవడానికి ఆధారం లేదు. ఆ జాబితా మొత్తాన్ని సరిచూడడం పూర్తయ్యేసరికి 1947 వచ్చింది. జాబితా తప్పయినా ఈ సంఖ్యలకు మెర్సెన్ సంఖ్యలు అన్న పేరు మాత్రం నిలిచిపోయింది.

లూకాస్ పరీక్ష

ఎడ్వార్డ్ లూకాస్ (1842-1891) ఒక సంఖ్య ప్రధాన సంఖ్యయో కాదో దానిని భాగించి చూడకుండానే తేల్చే మార్గాన్ని కనిపెట్టాడు. 1930 లో డి.హెచ్.లెహ్మర్ దానికి ఇప్పుడు వాడుకలో ఉన్న సరళమైన రూపం ఇచ్చాడు. ఆ రూపం ఇది. 4 తో మొదలుపెట్టాలి. ఉన్న సంఖ్యను వర్గం చేసి రెండు తీసివేయాలి. వచ్చినదానిని పరీక్షించదలచిన మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్ళీ అదే పని చెయ్యాలి. మొదటి 4 ను కూడా కలుపుకొని, ఘాతాంకం కంటే ఒకటి తక్కువ పదాలు వచ్చాక ఆగాలి. చివరి పదం సున్న అయితే ఆ మెర్సెన్ సంఖ్య ప్రధాన సంఖ్య. కాకపోతే సంయుక్త సంఖ్య. (ఘాతాంకం 2 కంటే పెద్దదైన ప్రధాన సంఖ్య కావాలి.)

2⁵ - 1 = 31 విషయంలో నాలుగు పదాలు కావాలి. 4, 14 తరువాత 14 × 14 - 2 = 194. దీనిని 31 తో భాగిస్తే శేషం 8. తరువాత 8 × 8 - 2 = 62, శేషం 0. కనుక 31 ప్రధాన సంఖ్య. 2¹¹ - 1 = 2047 విషయంలో పది పదాలు వరుసగా 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 వస్తాయి. చివరిది సున్న కాదు కనుక 2047 ప్రధాన సంఖ్య కాదు. ఈ లెక్క మొత్తంలో 23 గాని 89 గాని ఎక్కడా కనబడలేదన్న సంగతి గమనించదగ్గది. పరీక్ష "కారణాంకాలు ఉన్నాయి" అని చెబుతుందే తప్ప వాటి జాడ చెప్పదు.

2⁶⁷ - 1 కు అరవై ఆరు పదాలు కావాలి. ప్రతి మెట్టులోనూ ఇరవై అంకెల సంఖ్యను వర్గం చేసి, ఇరవై ఒక్క అంకెల సంఖ్యతో భాగించాలి. చేతితో చేసే మనిషికి అది కష్టమే గాని అసాధ్యం కాదు. యాభై కోట్ల భాగహారాల స్థానంలో అరవై అయిదు వచ్చాయి. 1876 లో లూకాస్ తన పద్ధతితోనే 2¹²⁷ - 1 ప్రధాన సంఖ్య అనీ, 2⁶⁷ - 1 కాదనీ ప్రకటించాడు. ముప్పై తొమ్మిది అంకెల 2¹²⁷ - 1 ఆ తరువాత 1951 వరకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటిలో పెద్దదిగా ఉండిపోయింది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. చివరకు సున్న వచ్చిందంటే లెక్క సరిగానే జరిగిందని దాదాపు నమ్మవచ్చు. ఎక్కడో పొరపాటు చేసి కూడా సరిగ్గా సున్న రావడం అరుదు. కాని సున్న కాక వేరే సంఖ్య వచ్చినప్పుడు అది సంయుక్త సంఖ్య అయినందువల్ల వచ్చిందా, లేక మధ్యలో ఒక అంకె తప్పు వేసినందువల్ల వచ్చిందా అని ఫలితాన్ని చూసి చెప్పలేము. మళ్ళీ మొదటి నుండి అంతా చేసి చూడవలసిందే. అందువల్ల లూకాస్ తీర్పుకు ఎదురులేని సాక్ష్యం కావాలంటే కారణాంకాలనే చూపించాలి.

భాజకాల స్వరూపం

కారణాంకాలను వెదకడంలో మొదటి సహాయం ఫెర్మా చేసిన పరిశీలన నుండి వచ్చింది. 2⁶⁷ - 1 ను భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 134క + 1 రూపంలో ఉండాలి (ఇక్కడ క ఏదో ఒక పూర్ణాంకం). కారణం ఇది. అటువంటి ప్రధాన సంఖ్య ఒకటి ఉన్నదనుకుందాం. దానితో 2⁶⁷ ను భాగిస్తే శేషం 1. రెండు యొక్క ఘాతాలలో శేషం 1 ఇచ్చే అతి చిన్న ఘాతాంకం 67 ను భాగించి తీరాలి. 67 ప్రధాన సంఖ్య కనుక ఆ చిన్న ఘాతాంకం 1 గాని 67 గాని కావాలి. 1 కాజాలదు. కనుక అది 67. ఇక ఫెర్మా సిద్ధాంతం ప్రకారం, ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి రెండును హెచ్చిస్తే శేషం 1 రావాలి. అంటే ఆ ఒకటి తక్కువైన సంఖ్యను 67 భాగిస్తుంది. అది సరి సంఖ్య కూడా కనుక 134 భాగిస్తుంది.

రెండవ నియమం కూడా ఉన్నది. 2⁶⁸ ను అదే ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం 2. కాని 2⁶⁸ అనేది 2³⁴ యొక్క వర్గం. అంటే ఆ భాజకానికి సంబంధించినంత వరకు 2 ఒక వర్గం వలె ప్రవర్తిస్తున్నది. 8 తో భాగించినప్పుడు శేషం 1 గాని 7 గాని ఇచ్చే ప్రధాన సంఖ్యలకు మాత్రమే ఇది సాధ్యమవుతుంది. ఈ రెండు నియమాలూ కలిస్తే "క" స్థానంలో 4 యొక్క గుణిజాలను, వాటి కంటే ఒకటి ఎక్కువైన వాటిని మాత్రమే చూస్తే సరిపోతుంది. క = 1, 4, 5, 8, 9 లకు వచ్చే 135, 537, 671, 1073, 1207 అన్నీ సంయుక్త సంఖ్యలు. క = 12 కు వచ్చే 1609 మొట్టమొదటి నిజమైన అభ్యర్థి. అది 2⁶⁷ - 1 ను భాగించదు.

ఇతర మెర్సెన్ సంఖ్యల విషయంలో ఈ దారి త్వరగానే గమ్యం చేర్చింది. ఘాతాంకం 11, 23 అయినప్పుడు క = 1 కే కారణాంకం (23, 47) దొరుకుతుంది. 37 కు క = 3 (కారణాంకం 223). 29 కు క = 4 (233). 43 కు క = 5 (431). 47 కు 25 (2351). 53 కు 60 (6361). 41 కు 163 (13367). 59 కు 1525 (179951). తరువాత వచ్చే సంయుక్త సంఖ్య 67 ది. దీనికి క = 1445580. ఒక్కసారిగా దాదాపు వెయ్యి రెట్లు! 67 దాటిన తరువాత కూడా 71, 73, 79, 83, 97 ఘాతాంకాలకు కారణాంకాలు మళ్ళీ చిన్నవే. నూరు లోపు ఘాతాంకాలు గల మెర్సెన్ సంయుక్త సంఖ్యలలో ఇంత లోతున దాగినది మరొకటి లేదు. మెర్సెన్ జాబితాలో ఈ తప్పు అంత కాలం బయటపడకపోవడానికి కారణం ఇదే.

కోల్ ఉపన్యాసం

ఫ్రాంక్ నెల్సన్ కోల్ (1861-1926) న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అమెరికన్ గణిత సంఘానికి చాలా సంవత్సరాలు కార్యదర్శిగా పనిచేశాడు. 1903 అక్టోబరు 31 న న్యూయార్కులో జరిగిన ఆ సంఘ సమావేశంలో "పెద్ద సంఖ్యల కారణాంక విభజన" అన్న అంశం మీద ఆయన ప్రసంగించవలసి ఉన్నది.

ఆ రోజు జరిగినదిగా ప్రచారంలో ఉన్న కథ ఇది. కోల్ మాట్లాడకుండా నల్లబల్ల దగ్గరకు నడిచి, సుద్దముక్క తీసుకొని, రెండును అరవై ఏడవ ఘాతానికి హెచ్చించి ఒకటి తీసివేశాడు. తరువాత బల్ల మీద ఖాళీగా ఉన్న మరొక వైపుకు వెళ్ళి 193707721 × 761838257287 అని వ్రాసి, బడిపిల్లలు చేసినట్లు వరుస తరువాత వరుసగా గుణకారం చేశాడు. రెండు వైపులా ఒకే సంఖ్య వచ్చింది. ఒక్క మాట కూడా పలకకుండా వెళ్ళి తన స్థానంలో కూర్చున్నాడు. సభ్యులు లేచి చప్పట్లు కొట్టారు. ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు. దీనికి ఎంత కాలం పట్టిందని తరువాత అడిగితే "మూడు సంవత్సరాల ఆదివారాలు" అని కోల్ జవాబు చెప్పాడట.

ఈ కథను లోకానికి చెప్పినవాడు ఎరిక్ టెంపుల్ బెల్. 1951 లో వెలువడిన తన పుస్తకంలో, అంటే సంఘటన జరిగిన అర్ధ శతాబ్దానికి దీనిని వ్రాశాడు. బెల్ రచనలలో నాటకీయత పాలు కొంచెం ఎక్కువే కనుక చప్పట్లు, మౌనం వంటి వివరాలను యథాతథంగా తీసుకోనక్కరలేదు. సమావేశం జరిగిన తేదీ, కోల్ వ్యాసం అదే సంవత్సరం డిసెంబరులో సంఘ పత్రికలో అచ్చు కావడం, అందులోని కారణాంకాలు మాత్రం నిస్సందేహం.

"మూడు సంవత్సరాల ఆదివారాలు" అంటే సుమారు 150 రోజులు. పైన చెప్పిన రెండు నియమాలను పాటించే "క" విలువలు 1 నుండి 1445580 వరకు 722790 ఉన్నాయి. అన్నింటితోనూ భాగించి చూడాలంటే ఆదివారానికి నాలుగు వేల ఎనిమిది వందలకు పైగా భాగహారాలు చెయ్యాలి. వాటిలో ప్రధాన సంఖ్యలను మాత్రమే ఏరుకున్నా సుమారు ఎనభై వేలు ఉంటాయి, అంటే రోజుకు అయిదు వందల పైచిలుకు. ఆ ఏరుకోవడం కూడా జరిగే పని కాదు. ఆ కాలానికి ప్రధాన సంఖ్యల అచ్చు పట్టికలు 90 లక్షల వరకే ఉండేవి. 1909 లో డి.ఎన్.లెహ్మర్ ప్రచురించిన పట్టిక కూడా కోటి దగ్గర ఆగింది. కోల్‌కు కావలసిన సంఖ్య పందొమ్మిది కోట్ల పైన ఉన్నది.

కనుక కోల్ ఒక్కొక్క సంఖ్యతో భాగిస్తూ పోలేదు. వర్గ అవశేషాలను ఉపయోగించాడు. ఏ సంఖ్యలు కారణాంకం దృష్టిలో వర్గాల వలె ప్రవర్తించాలో ముందుగా కనుక్కుంటే, అటువంటి ప్రతి సమాచారం మిగిలిన అభ్యర్థులను సుమారు సగానికి తగ్గిస్తుంది. 2 గురించి పైన చెప్పిన నియమం దీనికి అతి సులభమైన ఉదాహరణ. ఇటువంటి జల్లెడలు కొన్ని వరుసగా పట్టినప్పుడు లక్షలు వేలై, వేలు పదులై మిగులుతాయి.

కోల్ స్మారకంగా అమెరికన్ గణిత సంఘం 1928 నుండి బీజగణితంలోను, సంఖ్యా సిద్ధాంతంలోను కోల్ బహుమతులు ఇస్తున్నది. సంఖ్యా సిద్ధాంతంలో ఈ బహుమతి పొందినవారిలో భారతీయ మూలాలు గల మంజుల్ భార్గవ (2008), చంద్రశేఖర్ ఖరే (2011) ఉన్నారు.

గుణకారాన్ని సరిచూచుట

కోల్ మూడేళ్ళు శ్రమించి సాధించిన ఫలితాన్ని ఎవరైనా కాగితం, కలం తీసుకొని పది పదిహేను నిమిషాలలో సరిచూసుకోవచ్చు. మామూలు కాలిక్యులేటరులో ఇన్ని అంకెలు పట్టవు కనుక చిన్న కారణాంకాన్ని 193, 707, 721 అని మూడు ముక్కలుగా విడదీయడం మంచిది.

761838257287 × 193000000 = 147034783656391000000
761838257287 × 707000 = 538619647901909000
761838257287 × 721 = 549285383503927

ఈ మూడింటినీ కూడితే 147573952589676412927 వస్తుంది.

ఇంకా తక్కువ శ్రమతో ఒక స్థూల పరీక్ష చెయ్యవచ్చు. 193707721 లోని అంకెల మొత్తం 37, దానిని 9 తో భాగిస్తే శేషం 1. 761838257287 లోని అంకెల మొత్తం 64, శేషం 1. వీటి లబ్ధం 1. 2⁶⁷ - 1 లోని అంకెల మొత్తం 109, దీని శేషమూ 1. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన గుణకారం సరియైనదని రుజువు కాదు గాని, నెగ్గకపోతే తప్పని మాత్రం రుజువు అవుతుంది.

ఇతర ధర్మాలు

ఈ సంఖ్యకు మొత్తం నాలుగు భాజకాలు. 1, 193707721, 761838257287, ఆ సంఖ్య. తనను మినహాయించి మిగిలిన మూడింటి మొత్తం 762031965009. ఇది సంఖ్య కంటే ఎంతో తక్కువ. రెండు కారణాంకాలలో చిన్నదానిని 8 తో భాగిస్తే శేషం 1, పెద్దదానిని భాగిస్తే శేషం 7. చిన్నదానిలో క = 1445580, పెద్దదానిలో క = 5685360129. ఈ సంఖ్య కంటే చిన్నవై, దీనితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 147573951827644447920 ఉన్నాయి.

ఏ బేసి సంయుక్త సంఖ్యనైనా రెండు వర్గాల భేదంగా వ్రాయవచ్చు. 2⁶⁷ - 1 అనేది 381015982504 యొక్క వర్గంలో నుండి 380822274783 యొక్క వర్గాన్ని తీసివేయగా వచ్చే సంఖ్య. కారణాంకాలు రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడు ఈ రూపాన్ని కనుక్కోవడం సులభం. ఇక్కడ పెద్దది చిన్నదానికి దాదాపు నాలుగు వేల రెట్లు కనుక వర్గమూలం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క సంఖ్యగా వెదికే ఫెర్మా పద్ధతి పనికిరాదు. అయితే రెండు కారణాంకాలూ 134క + 1 రూపంలో ఉన్నందువల్ల వాటి మొత్తాన్ని 134 × 134 = 17956 తో భాగిస్తే వచ్చే శేషం, 2⁶⁷ ను అదే సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషమూ ఒకటే కావాలి. కారణాంకాలు తెలియకముందే వాటి మొత్తం గురించి ఇంత తెలుస్తుంది.

2⁶⁷ - 1 ప్రధాన సంఖ్య అయి ఉంటే 2⁶⁶ × (2⁶⁷ - 1) పరిపూర్ణ సంఖ్య అయ్యేది. కాదు కనుక ఆ లబ్ధం యొక్క భాజకాల మొత్తం దాని కంటే ఎక్కువ అవుతుంది. ఎంత ఎక్కువ అన్నది కూడా చెప్పవచ్చు. 2⁶⁷ - 1 ని దాని రెండు కారణాంకాల మొత్తమైన 762031965008 తో గుణించగా వచ్చినంత.

ఇది మిథ్యా ప్రధాన సంఖ్య కూడా. ప్రధాన సంఖ్యలను గుర్తించడానికి వాడే ఒక తేలిక పద్ధతి, పరీక్షించే సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి రెండును హెచ్చించి, శేషం 1 వస్తుందేమో చూడడం. 2⁶⁷ - 1 లో నుండి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్యను 67 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక ఇక్కడ శేషం తప్పకుండా 1 వస్తుంది. సంయుక్త సంఖ్య అయి కూడా ఈ పరీక్షలో ప్రధాన సంఖ్యగా చెలామణి అవుతుంది. ప్రధాన సంఖ్యలు ఘాతాంకాలుగా గల మెర్సెన్ సంయుక్త సంఖ్యలన్నీ ఇటువంటివే. అందువల్ల వీటి మీద రెండును ఆధారంగా తీసుకున్న పరీక్ష వృథా. లూకాస్ వంటి వేరొక మార్గం వెదకవలసి వచ్చింది.

తరువాతి కాలంలో

కోల్‌కు మూడేళ్ళు పట్టిన పనిని నేటి కంప్యూటరు సెకనులోపే చేస్తుంది. కాని కారణాంకాలు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికీ, అవి ఏవో తెలుసుకోవడానికీ మధ్య ఉన్న అంతరం మాత్రం తగ్గలేదు. మొదటి ప్రశ్నకు సమాధానం ఎల్లప్పుడూ తగినంత త్వరగా, ఎటువంటి ఊహల మీదా ఆధారపడకుండా చెప్పే పద్ధతిని 2002 లో ఐ.ఐ.టి. కాన్పూరుకు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు. రెండవ ప్రశ్నకు సాధారణ కంప్యూటర్ల మీద అటువంటి పద్ధతి ఏదీ బయటపడలేదు.

ఈ అంతరమే సమాచార భద్రతకు పునాది అయింది. 1977 లో రివెస్ట్, షమీర్, ఆడిల్మన్ రూపొందించిన ఆర్.ఎస్.ఏ. పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి లబ్ధాన్ని అందరికీ ప్రకటిస్తారు. ఆ రెండూ ఏవో కనుక్కోగలిగినవాడు రహస్యాన్ని చదవగలుగుతాడు. ఆ సంవత్సరమే సవాలుగా ప్రకటించిన 129 అంకెల సంఖ్య 1994 లో వందలాది మంది స్వచ్ఛంద సహాయంతో విడిపోయింది. 250 అంకెల సంఖ్యను విడగొట్టడానికి 2020 దాకా పట్టింది. వాడుకలో ఉన్న ఆర్.ఎస్.ఏ. సంఖ్యలకు సాధారణంగా ఆరు వందలకు పైగా అంకెలు ఉంటాయి. క్వాంటం కంప్యూటరు మీద పెద్ద సంఖ్యలను త్వరగా విడగొట్టే పద్ధతిని పీటర్ షోర్ 1994 లో చూపించాడు గాని, ఇంత పెద్ద సంఖ్యల మీద దానిని నడపగల యంత్రం ఇంకా తయారు కాలేదు.

మెర్సెన్ సంఖ్యల అన్వేషణ కూడా ఆగలేదు. 1996 లో మొదలైన ఒక అంతర్జాల పథకంలో వేలాది మంది తమ కంప్యూటర్ల తీరిక సమయాన్ని ఇందుకు ఇస్తున్నారు. 2024 అక్టోబరులో ఈ పథకం ద్వారా 2¹³⁶²⁷⁹⁸⁴¹ - 1 ప్రధాన సంఖ్య అని తేలింది. దానిలో 4,10,24,320 అంకెలు ఉన్నాయి. లూకాస్ ఎదుర్కొన్న చిక్కు వీరికీ తప్పలేదు. సున్న రాని ఫలితం యంత్రం పొరపాటు వల్ల కూడా రావచ్చు కనుక చాలాకాలం ప్రతి సంఖ్యనూ వేరొక కంప్యూటరు మీద రెండవసారి పరీక్షించేవారు.

1876 కు, 1903 కు మధ్య 2⁶⁷ - 1 ఉన్న స్థితిలోనే 2024 నాటికి మరొక సంఖ్య ఉన్నది. అది 385 అంకెల 2¹²⁷⁷ - 1. లూకాస్ పరీక్ష ప్రకారం అది సంయుక్త సంఖ్య. దాని కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు.